ఫొటో వెనక్కి తిప్పి చూడండి: వార్తా చిత్రాల మీద అపోహలు, వాస్తవాలు

వరదో, రైలు ప్రమాదమో, ఎక్కడైనా అల్లర్లో జరిగిన రోజు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, ఈ ఫొటో అక్కడిదేనా? మా తమ్ముడు అక్కడే ఉన్నాడు" అని అడుగుతారు. తెరిచి చూస్తే చాలాసార్లు అది పాత ఫొటోనే. దేశం వేరు, ఏడాది వేరు. అడిగినవాళ్ల మీద నాకు విసుగు రాదు, వాళ్ల టెన్షన్ వాళ్లది. నా కోపమల్లా "చూడగానే ఏడుపొచ్చింది, అందుకే పదిమందికి పంపాను" అనేవాళ్ల మీద. ఏడుపొస్తే ఏడవండి, పంపడమెందుకు?

పత్రికలకు ఫొటోలు తీశాను, డెస్కులో కూర్చున్నాను, ఇప్పుడు ఫొటో లైబ్రరీ చూస్తున్నాను. మూడు చోట్లా ఎదురైన అపోహ ఒకటుంది. ముందు దాని సంగతి.

అపోహ: మంచి ఫొటోకు మాటలు అక్కర్లేదు, చూడగానే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: చూడగానే తెలిసేది భయం, ఆకలి, ఏడుపు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మాత్రం ఎంత చూసినా తెలియవు. పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తే తల్లి ఏ దేశంలో ఉన్నా, ఏ ఏడాదిలో ఉన్నా గుండె పట్టేస్తుంది. పాత ఫొటోకు కొత్త ఊరి పేరు తగిలించడం అంత తేలిక కావడానికి కారణం కూడా అదే. ఆ ఫొటో రేపు చరిత్రకు పనికిరావాలంటే కింద రెండు లైన్ల క్యాప్షన్ ఉండాలి, అది నిజమై ఉండాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవోజిమాలో కొండ మీద జెండా ఎత్తుతున్న ఆరుగురు అమెరికా సైనికుల ఫొటో చాలామంది చూసే ఉంటారు. జో రోసెంతాల్ అనే వార్తా ఫొటోగ్రాఫర్ 1945 ఫిబ్రవరి 23న తీశాడు. అంతా క్షణాల్లో జరిగిపోయింది, ఎవరి పేరూ రాసుకోలేదు. ముఖాలు చూద్దామంటే చాలావరకు కనిపించవు. పేర్లు తర్వాత సైన్యమే తేల్చింది. ఆ పేర్లతోనే సన్మానాలు జరిగాయి, పుస్తకాలు వచ్చాయి. తీరా 2016లో ఒక పేరు, 2019లో మరో పేరు తప్పని అదే సైన్యం ఒప్పుకుని సరిచేసింది. అసలు మనుషులు అప్పటికే చనిపోయారు. ప్రపంచమంతా చూసిన ఫొటోకే ఈ గతి పట్టింది.

దాని మీదే ఇంకో పుకారు ఉంది, కావాలని నిలబెట్టి తీశారని. జెండా ఎత్తాక రోసెంతాల్ సైనికులందరినీ చేర్చి ఒక గ్రూప్ ఫొటో కూడా తీశాడు. "నిలబెట్టి తీశావా?" అని తర్వాత ఎవరో అడిగితే, ఆ గ్రూప్ ఫొటో గురించేమో అనుకుని అవునన్నాడు. అంతే, జీవితాంతం సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అదృష్టం కొద్దీ పక్కనే బిల్ జెనాస్ట్ అనే సైనికుడు సినిమా కెమెరాతో అదే దృశ్యం తీశాడు. అందులో చూస్తే జెండా ఆగకుండా పైకి లేస్తుంది, ఎవరూ పోజు ఇవ్వరు.

వాళ్లూ వీళ్లూ ఎందుకు, నా తప్పే చెబుతాను. కొత్తగా చేరిన రోజుల్లో ఒక వరదకు వెళ్లి నాలుగు ఫిల్మ్ రోల్స్ తీశాను. తిరిగొచ్చాక నిద్రమత్తులో నెగటివ్ కవరు మీద "వరద, జనం" అని రాసి పడేశాను. చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆ నీళ్లలో భర్త పోయాడు, ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ మిగల్లేదు. కాంటాక్ట్ షీట్ (రోల్‌లోని ఫొటోలన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన ప్రింట్) తీసి, భూతద్దం పెట్టి ఇద్దరం ఒక్కో ఫ్రేమూ చూశాం. ఒకచోట పడవ ఎక్కుతున్న మనిషి ఉన్నాడు, ముఖం సగం పక్కకు తిరిగి ఉంది. "ఈయనలాగే ఉన్నాడు నాయనా. ఇది ఏ ఊరు?" అంది. నేను మూడు ఊళ్లు తిరిగాను. ఏ రోల్ ఏ ఊరిదో రాసుకోలేదు. ఊరి పేరు ఉంటే ఔనో కాదో ఆవిడే తేల్చుకునేది. ప్రింట్ తీసిస్తే కాసేపు చూసి, కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

అపోహ: ఒక్క ఫొటో వియత్నాం యుద్ధాన్ని ఆపేసింది.

వాస్తవం: నాపామ్ (ఒంటికి అంటుకుని మండే బాంబు) మంటల్లోంచి పిల్లలు పరిగెత్తుకొస్తున్న ఆ ఫొటో 1972 జూన్ 8 నాటిది. అమెరికా పదాతి సైన్యంలో ఎక్కువమంది అప్పటికే ఇంటిదారి పట్టారు. బాంబు వేసింది కూడా దక్షిణ వియత్నాం విమానం. యుద్ధం ముగిసింది 1975 ఏప్రిల్ 30న. ఫొటో మనసుల్ని మార్చి ఉండొచ్చు, తుపాకుల్ని మాత్రం ఆపలేదు. తీసిందెవరన్న గొడవ కూడా ఇంకా తెగలేదు. ఇన్నేళ్లూ తీసినవాడిగా చెప్పుకున్న నిక్ ఉట్ పేరును 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ పక్కన పెట్టింది, వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం ఆ పేరే ఉంచింది.

అపోహ: సూడాన్‌లో ఆకలితో కుప్పకూలిన పాపను, వెనక కాచుకున్న రాబందును ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ ఫొటో తీస్తుంటే రాబందు ఆ పాపను తినేసింది.

వాస్తవం: తినలేదు. 1993లో ఆ ఫొటో తీశాక రాబందును తోలేశానని అతనే చెప్పాడు. ఏళ్ల తర్వాత విలేకరులు వెళ్లి వాకబు చేస్తే, ఆ బిడ్డ అప్పుడు బతికాడనీ, పాప కాదు బాబనీ తెలిసింది. అతను సాయం చేసింది చాలా, చాలదా అని మీరు వాదించుకోవచ్చు. చచ్చిపోయిన కార్టర్ మీద కథలు మాత్రం కట్టకండి.

అపోహ: క్రాప్ చేస్తే (అంచులు కత్తిరిస్తే) అది నకిలీ ఫొటో.

వాస్తవం: క్రాప్ చేయడం, కాస్త వెలుతురు సర్దడం డెస్కులో రోజూ జరిగే పనే. ఫ్రేములో ఉన్నదాన్ని చెరిపేయడం, లేనిదాన్ని అతికించడం తప్పు. క్రాప్‌తో అర్థమే తారుమారైతే అదీ తప్పే.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు తీసిన తేదీ, స్థలం లాంటి సమాచారం ఊడిపోతుంది. దాచుకోవాల్సిన ఫొటో అయితే డాక్యుమెంట్‌గా పంపండి. ఇంట్లో పాత ప్రింట్లుంటే, మనుషుల్ని గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని అడగండి. పేర్లు, ఊరు, ఏడాది వెనకవైపు అంచున మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ వద్దు, ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది. కాగితం నున్నగా ఉండి పెన్సిల్ పడకపోతే కవరు మీద రాసి, అప్పుడు ఫొటో లోపల పెట్టండి.