సేవకు కాలేజీలో గది ఉంది, సంపాదనకు లేదు

పెళ్ళిళ్ళ సీజన్‌లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదైనా ఫంక్షన్ హాల్‌కి వెళ్ళి చూడండి, వడ్డించే కుర్రాళ్ళలో డిగ్రీ, బీటెక్ చదివేవాళ్ళు కనబడతారు. ఆ పని కాలేజీ చూపించింది కాదు. ఎవరో సీనియర్ క్యాటరింగ్ వాట్సాప్ గ్రూపులో కలిపితే దొరికింది. అదే విద్యార్థులతో సేవ చేయించే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరాలంటే కాలేజీలోనే ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటారు, హాజరు రాసుకునే రిజిస్టర్ ఉంటుంది, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఈ తేడా ఈనాటిది కాదు.

చదువుకునే పేద పిల్లాడికి అన్నం పెట్టాలి అనేది మన దగ్గర పాత మాట. వారాలు చేసుకుని చదువుకోవడం అంటే అదే, రోజుకో ఇంట్లో భోజనం, వారానికి ఏడిళ్ళు. అయితే ఇది అందరికీ దక్కలేదు, ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్ళకే బ్రాహ్మణ ఇళ్ళల్లో జరిగేది. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని చదివించారు, అంటే అక్కడ కూడా కష్టపడింది అమ్మే. మిగతా కులాల పిల్లలు పట్నం వచ్చి చదవాలంటే ముందు ఉండడానికి చోటు కావాలి. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వచ్చింది అందుకే. తర్వాత ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు, 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇవి లేకపోతే మనలో ఎంతోమంది ఇంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్ళం, ఆ మేలు చిన్నది కాదు. కానీ అన్నీ సాయాలే. విద్యార్థి పని చేసి సంపాదించుకుంటాడు, దానికి టైమ్ టేబుల్‌లో చోటివ్వాలి అన్న ఆలోచన వీటిలో ఎక్కడా లేదు.

పక్కనున్న మహారాష్ట్రలో అది ఉంది. భావురావ్ పాటిల్ 1919లో మొదలుపెట్టిన రయత్ శిక్షణ్ సంస్థ పని చేస్తూ చదవడాన్నే పునాదిగా పెట్టుకుంది. ఆయన పేరుతోనే పుణె యూనివర్సిటీ విద్యార్థులకు క్యాంపస్‌లో పనిచ్చి డబ్బులిచ్చే పథకం నడుపుతోంది.

సేవ సంగతి మాత్రం ఢిల్లీలో చాలా ఏళ్ళు నలిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948-49లో యూనివర్సిటీ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. విద్యార్థులు ఇష్టపూర్వకంగా జాతీయ సేవ చేయాలని ఆ కమిషన్ చెప్పింది. తర్వాత దేశ్‌ముఖ్ కమిటీ తప్పనిసరి చేయాలంది, అది కుదరలేదు. చివరికి గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 యూనివర్సిటీల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల గ్రామ క్యాంపు. అలా సేవకు లెక్క ఏర్పడింది, గుర్తింపు వచ్చింది.

పని చేసుకుంటూ చదివేవాళ్ళ కోసం 1982లో హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశంలో అదే మొదటిది, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఎంత మంచి పనో! అయినా రెగ్యులర్ కాలేజీలో చదివేవాడి సంగతి అలాగే మిగిలింది. 75 శాతం హాజరు లేకపోతే రీయింబర్స్‌మెంట్‌కి ఇబ్బంది, కాబట్టి అతనికి మిగిలేవి రాత్రులు, ఆదివారాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తెచ్చారు, మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కేసే పాయింట్లు, కూడా పెట్టారు. అర్ధరాత్రి దాకా వడ్డించి పొద్దున్నే క్లాసుకి వచ్చేవాడికి మాత్రం ఒక్క క్రెడిట్ లేదు.

కాలేజీ వదిలేసిన ఈ చోటులోకే మోసగాళ్ళు దూరుతున్నారు. ఇంట్లో కూర్చుని టైపింగ్ పని అంటారు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, డబ్బు పంపాక ఫోన్ ఎత్తరు. ఇందులో అమ్మాయిలకు ఇంకా కష్టం. క్యాటరింగ్ ముగిసేది అర్ధరాత్రి, హాస్టల్ గేటు వేసేది సాయంత్రం. అందుకని చాలామంది దగ్గర్లో ట్యూషన్లు చెప్పుకుంటారు, అవి దొరకని వాళ్ళకు ఫోన్‌లో వచ్చే ఆ టైపింగ్ పని మెసేజే నిజమైనదిగా కనబడుతుంది.