తుమ్మబంక, కుంచె, ఎదురుగా ఒక మనిషి

కృత్రిమ మేధ గీసిన బొమ్మను ఫొటోల పోటీకి పంపవచ్చా అన్న తగువు మళ్లీ రాజుకుంది. 2023 ఏప్రిల్‌లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో తనకొచ్చిన బహుమతిని జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ వద్దన్నాడు. పాతకాలపు గోధుమరంగులో ఇద్దరు స్త్రీలు కనిపించే ఆ చిత్రాన్ని కృత్రిమ మేధతో చేశానని ప్రకటించాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ ఇదే పనిని తిరగేసి చేశాడు. కెమెరాతో తీసిన ఫ్లెమింగో ఫొటోను వేరొక పోటీలో కృత్రిమ మేధ విభాగానికి పంపి, నెగ్గాక నిజం చెప్పాడు. ఆనాటి నుంచి ఈ చర్చ ఎక్కడ లేచినా ఒక పాత సాక్ష్యాన్ని బయటికి తీస్తున్నారు. నూరేళ్ల కిందటే, ఫొటోను చిత్రలేఖనంలా మలచాలనుకున్న పిక్టోరియలిస్టులు ఫొటోల మీద కుంచె ఆడించారు, అది కళ అయినప్పుడు ఇది ఎందుకు కాదు అని అడుగుతున్నారు. మన ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఈ మాట తిరుగుతోంది.

పిక్టోరియలిజం పుట్టుక, 1902లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్‌లో పిక్టోరియలిస్టుల ఫొటో-సెసెషన్ బృందాన్ని ఏర్పాటు చేయడం ఫొటోగ్రఫీ చదివినవారికి తెలిసినవే. నేటి తగువుకు వేరు మాత్రం 1904లో ఉందని నా నమ్మకం. ఆ ఏడాది స్టీగ్లిట్జ్ నడిపే 'కెమెరా వర్క్' పత్రికలో ఫ్రాన్స్‌కు చెందిన రొబేర్ డెమాషీ చేసిన 'స్ట్రగుల్' అచ్చయింది. ఒక నగ్న దేహం, దాని చుట్టూ దాచే ప్రయత్నమే లేని కుంచె గీతలు. ఫిగర్ స్టడీ అని పిలిచే ఈ తరహా దేహచిత్రణే పిక్టోరియలిస్టులకు అసలు పరీక్ష, ఎందుకంటే శతాబ్దాలుగా చిత్రకారులు తమ సొంతం అనుకున్న వస్తువు అది.

డెమాషీ ఏం చేసేవాడో తెలియకుండా ఈ వాదనలో ఎవరి పక్షం వహించినా తప్పటడుగే. కాగితం మీద తుమ్మబంక, నీటిరంగు, బైక్రోమేట్ ఉప్పు కలిపిన పూత పూస్తారు. ఆరాక దాని మీద నెగెటివ్ పరిచి వెలుగులో పెడతారు. వెలుగు తగిలిన చోట బంక గట్టిపడి రంగును పట్టుకుంటుంది, తగలని చోట నీళ్లలో కరిగి జారిపోతుంది. ఆ తడి ఆరకముందే కుంచెతో కొంత రంగును కడిగేయవచ్చు, కొంత ఉండనివ్వవచ్చు. భుజం వంపు నిలిచి వెనుక గోడ మాయమయ్యేది ఇక్కడే. చేతికీ కాగితానికీ మధ్య జరిగే పని ఇది. కాస్త ఎక్కువ రుద్దితే ప్రింటు పోయినట్టే.

అదే 1904 మార్చిలో, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ ఇన్‌స్టిట్యూట్‌లో ఫొటో-సెసెషన్ ప్రదర్శన చూసిన విమర్శకుడు సడకిచి హార్ట్‌మన్ నేరుగా తీసిన ఫొటో కోసం ఒక విన్నపం రాశాడు. కుంచె, గీతలు, పూతలు వదిలి కెమెరానూ కంటినీ కూర్పు జ్ఞానాన్నీ నమ్ముకోండి అన్నది దాని సారం. ఆ తర్వాతి తరాలు దాన్నే తీర్పుగా తీసుకున్నాయి. ఎదుటిపక్షం మాటకు అంత ప్రచారం దక్కలేదు. ఫొటో-సెసెషన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ 1903లోనే ప్రతి ఫొటోలోనూ మొదటి నుంచి చివరి దాకా కల్పన ఉంటుందని, మనిషి జోక్యం లేని ఫొటో అసాధ్యమని రాశాడు. డెమాషీ 1907లో ఇంకా స్పష్టంగా చెప్పాడు. కళ అంటే ప్రకృతికి నకలు కాదు, దాన్ని మనిషి తన భాషలోకి తిప్పి రాసుకోవడం. ప్రింటులో చేయి పెడితే ప్రాణం వస్తుందన్న హామీ లేదు, పెట్టకపోతే మాత్రం రానే రాదు.

స్టైకెన్ మాటనే ఇవాళ కృత్రిమ మేధ సమర్థకులు జెండాగా ఎత్తుతున్నారు. కానీ ఆనాడు ఇరుపక్షాలూ వాదించుకున్నది వెలుగు నెగెటివ్‌ను తాకిన తర్వాత చేసే పని గురించే. కెమెరా ముందు ఒక మనిషి నిలబడ్డారా అన్న ప్రశ్న వాళ్లకు రానే లేదు. పిక్టోరియలిస్టు ఫ్రాంక్ యూజీన్ 1898 నాటి 'ఆడమ్ అండ్ ఈవ్' నెగెటివ్‌ను లోహపు సూదితో గీకాడు. ఆ గీతల కింద ఇద్దరు నిజంగా నిలుచున్నారు. కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫర్ ఆన్ బ్రిగ్‌మన్ తన చెల్లెలినీ స్నేహితులనూ వెంటబెట్టుకుని సియెర్రా నెవాడా కొండలెక్కేది, కొన్నిసార్లు తానే మోడల్ అయ్యేది. విరిగిన పైన్ చెట్టు మొదట్లోంచి ఒక స్త్రీ పైకి లేస్తున్నట్టు ఉండే ఆమె ఫొటోలో నెగెటివ్ మీద దిద్దిన జాడలున్నాయి, ఆ మాను కరుకుదనమూ ఉంది. ఆ బెరడు ఒరుసుకున్న ఒళ్లు ఒకటి ఉందని చూడగానే తెలుస్తుంది.

ఈ తేడా మరుగున పడటానికి కారణం 1930లలో ఉంది. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పడిన ఎఫ్/64 బృందం, నేరుగా తీసిన స్పష్టమైన ఫొటోనే ఫొటో అంటూ పిక్టోరియలిజానికి ఎదురు నిలిచింది. ఆ బృందంలోని ఆన్సెల్ ఆడమ్స్‌కూ, మార్పులు చేసిన దేహచిత్రాలకు పేరుపడ్డ విలియం మార్టెన్సెన్‌కూ పత్రికలో పెద్ద వాదం నడిచింది. చరిత్ర పుస్తకాలు ఆడమ్స్ వైపే నిలిచాయి, మార్టెన్సెన్ పేరు దశాబ్దాల పాటు దాదాపు కనిపించలేదు. ఆ బృందంలోని ఇమొజెన్ కన్నింగ్‌హామ్ 1915లో రైనియర్ పర్వతం మీద తన భర్తను నగ్నంగా తీసినవి మెత్తని పిక్టోరియల్ చిత్రాలే. అయినా 'మార్చిన ఫొటో' అంటే మోసం అన్న ముద్ర మిగిలిపోయింది. ఆ ముద్రను పట్టుకునే నేడు కొందరు డెమాషీని యంత్రానికి పూర్వీకుడిని చేస్తున్నారు. ఎల్డాగ్సెన్ మాత్రం అలా అనలేదు. కృత్రిమ మేధ చిత్రాలూ ఫొటోలూ ఒకే పోటీలో ఉండకూడదనే అతను బహుమతి వదులుకున్నాడు.

1907లో స్టీగ్లిట్జ్, అతని బృందంలోని ఫొటోగ్రాఫర్ క్లారెన్స్ వైట్ కలిసి ఇద్దరు మోడళ్లతో వరుసగా దేహచిత్రాలు తీశారు. 1912లో స్నేహం చెడ్డాక, వాటి విషయంలో తన పేరు ఎత్తవద్దని స్టీగ్లిట్జ్ వైట్‌కు రాశాడు. ఆ ప్రింట్లలో ఒకదాని పేరు 'మిస్ థాంప్సన్'. కెమెరా వెనుక ఎవరున్నారన్నది గొడవైంది, ముందు నిలుచున్న ఆమె పేరు ప్రింటుకు అలాగే ఉంది.