తాతల నాటి తుపాకీకి నంబరేది? 1963లో ముగిసిన గడువు

తండ్రి పోయాక ఇంట్లో మిగిలిన తుపాకీని తన పేరు మీదికి మార్పించుకోవడానికి వెళ్ళిన వారసుణ్ణి ముందుగా అడిగేది, దీని నంబరెంత అని. సర్జాపుర, వర్తూరు వైపు తరాలుగా ఉంటున్న తెలుగు రైతు కుటుంబాల్లోనూ, చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాళ్ళలోనూ దీనికి జవాబు చెప్పలేనివాళ్ళున్నారు. వాళ్ళ తుపాకీ మీద నంబరు లేదు, ఎప్పుడూ లేదు. రెన్యువల్ దగ్గర పడేసరికి ఆ ఇళ్ళలో మళ్ళీ టెన్షన్ మొదలవుతోంది.

1857 తర్వాత తెల్లదొరలు జనం చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడం, 1878 చట్టం అందరికీ తెలిసినవే. ఇవాళ్టి చిక్కుముడి అక్కడ పడలేదు. 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన 1959 ఆయుధాల చట్టంలో, ఎనిమిదో సెక్షన్ దగ్గర పడింది.

తుపాకీ మీదున్న పేరు, నంబరు, గుర్తు చెరిపినా మార్చినా నేరమని ఆ సెక్షన్ మొదట చెబుతుంది. అలాంటి గుర్తేదీ లేని తుపాకీని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు అంటుంది. ఆ తర్వాత అసలు మెలిక పెడుతుంది: గుర్తు లేని తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్ళే దాన్ని చెరిపేశారని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించుకునే భారం ఆ మనిషిదే. అప్పటికే అలాంటి తుపాకులున్నవాళ్ళ మీద మాత్రం ఈ నిబంధన ఒక ఏడాది దాకా వర్తించదన్నారు. 1963 అక్టోబరు వచ్చేసరికి ఆ వెసులుబాటు కాస్తా అయిపోయింది.

నా దృష్టిలో కథంతా ఆ ఒక్క ఏడాదిలోనే ఉంది. 1962లో నంబరు లేని తుపాకులు ఎవరి దగ్గరుండేవి? చేనుకు కాపలా కాసే రైతు దగ్గర. ఊరి కమ్మరి గొట్టం సాగదీసి, వెనక చెక్క బిగించి ఇచ్చిన తుపాకీ అది. గొట్టం మూతి లోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, రవ్వలు వేసి, చువ్వతో దట్టిస్తే ఒక్కసారి పేలుతుంది. రెండోసారికి మళ్ళీ అన్నీ మొదటి నుంచే. ఫ్యాక్టరీ లేని చోట నంబరు కొట్టేదెవరు? పంట కాపలాకు ఇలాంటి తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలని అదే చట్టం పదమూడో సెక్షన్ చెబుతోంది. అలా ఇచ్చిన లైసెన్సు పుస్తకంలో ‘ఎస్‌బీఎంఎల్ ఒకటి’ (మూతి లోంచి మందు పోసే ఒంటి గొట్టం తుపాకీ) అని రాసి, నంబరు దగ్గర అడ్డగీత గీసేవారు. ఆ గీతతోనే రెన్యువళ్ళు సాగిపోయాయి. ఏడాది గడువు సంగతి చేలోకి వెళ్ళి రైతుకు చెప్పాల్సింది సర్కారు. చెప్పలేదన్న తప్పు ఇప్పుడు మనవడి మెడకు చుట్టుకుంటోంది.

అమెరికా 1968లో ఇదే పని వేరేలా చేసింది. నంబరు వేసే బాధ్యత తయారుచేసేవాళ్ళ మీద, దిగుమతి చేసేవాళ్ళ మీద పెట్టింది. అంతకుముందు నంబరు లేకుండానే తయారైన తుపాకీ ఇంట్లో ఉంటే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు, ఉన్న నంబరు చెరిపితే నేరం. పుట్టుకతో లేనిదానికీ, చెరిపేసినదానికీ మధ్య గీత అక్కడ చట్టంలోనే ఉంది. మన దగ్గర ఆ గీత గీసుకోవాల్సింది తుపాకీ ఉన్న మనిషే.

ఇన్నేళ్ళూ నిద్రపోయిన సెక్షన్‌ను 2019 సవరణ లేపింది. ఒక్కొక్కరికి మూడు తుపాకులనే పరిమితి రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వచ్చాయి. ఎక్కువున్నది ఏడాదిలోగా వదులుకోవాలన్నారు. అమ్ముదామంటే నంబరు లేనిది అమ్మకూడదు. పేరు మార్పిద్దామంటే అదీ బదలాయింపే అంటారు. చట్టంలో ఆ మాటకున్న నిర్వచనంలో అద్దెకివ్వడం, అరువివ్వడం, ఇచ్చేయడం, చేతులు మార్చడం ఉన్నాయి. చనిపోయిన మనిషి వీటిలో ఏది చేసినట్టు? 2016 ఆయుధాల రూల్స్‌లోని 25వ రూలేమో వారసుడికి లైసెన్సు ఇవ్వవచ్చని స్పష్టంగా చెబుతోంది.

పోలీసులు చెప్పేదీ ఒకటుంది. దొంగచాటుగా చేయించిన తుపాకీకి తాత పేరు తగిలించి లైసెన్సులోకి ఎక్కించే ప్రమాదం ఉందంటారు. ఉంది, కాదనను. కానీ నిజం తేల్చే దారి బెంగళూరులోనే, మడివాళ ఫోరెన్సిక్ ల్యాబులో ఉంది. ఇనుము మీద అంకె కొట్టినప్పుడు దాని కింద లోహం నొక్కుకుపోతుంది. పైపైన ఆకురాయితో అరగదీసినా లోపల ఆ మార్పు పోదు. ఆ చోటు నునుపు చేసి, క్యూప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పూస్తే పాత అంకె నీడలా పైకి తేలుతుంది. మరీ లోతుగా గీకేస్తే అంకె దొరక్కపోవచ్చు గానీ గీకిన పల్లం దొరుకుతుంది. ఎవరూ ముట్టుకోని కమ్మరి గొట్టం మీద ఈ రెండూ ఉండవు.

పాతది కదా, పురాతన వస్తువు కింద వదిలేస్తారనే ఆశ కొందరిది. 45వ సెక్షన్ వయసు ఒక్కటే చూడదు. బాగుచేసినా పేలని స్థితిలో ఉంటేనే మినహాయింపు. లైసెన్సు మీద ఉండే యూఐఎన్ (విశిష్ట గుర్తింపు సంఖ్య) చూపించి ఇదే నంబరు అనేవాళ్ళూ ఉన్నారు. అది మనిషిది, తుపాకీది కాదు.

నిజానికి ఎనిమిదో సెక్షన్ ఫ్యాక్టరీ నంబరే కావాలని పట్టుబట్టడం లేదు. తయారీదారు పేరో, నంబరో, కేంద్రం ఒప్పుకున్న పద్ధతిలో వేసిన మరో గుర్తో ఉంటే చాలంటుంది. ల్యాబులో చూపించి, చెరిపింది కాదని తేలిన పాత తుపాకీకి సర్కారే ఒక గుర్తు కొట్టి పుస్తకంలో ఎక్కిస్తే ఈ తగువు తెగుతుంది. వారసులు అడుగుతున్నదీ అదే. అందాకా వాళ్ళకున్నది 21వ సెక్షన్: తుపాకీని పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో పెట్టాలి. గడువులోగా వెనక్కి తీసుకోకపోయినా, అమ్ముకోలేకపోయినా అది సర్కారు పరమవుతుంది.