పుట్టిన తేదీ, బతుకు, ఒక బీమా

పుట్టిన తేదీని బట్టి బతుకు మారుతుందా అని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఒక్క తేదీ విషయంలో మాత్రం ఒప్పుకోక తప్పడం లేదు: 1983 సెప్టెంబరు 30. ఇందులో గ్రహాల పాత్రేమీ లేదు, దాన్ని పెట్టింది అమెరికా కాంగ్రెస్.

అక్కడ పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా పేరు మెడికెయిడ్. 1965లో మొదలైంది, ఆ కథ వదిలేద్దాం. 1990లో వచ్చిన చట్టం, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న ఇళ్లలో 1983 సెప్టెంబరు 30 తర్వాత పుట్టిన పిల్లలందరికీ బీమా ఇవ్వాలంది. ఖర్చంతా ఒక్కసారే మీద పడకుండా ఏటా ఒక వయసు చొప్పున కలుపుకుంటూ పోవడానికి ఈ ఏర్పాటు.

1991 జూలైలో అమలయ్యేసరికి ఆ పిల్లలకు ఎనిమిదేళ్లు నిండబోతున్నాయి. ఒకే వీధి, ఒకే బడి, రెండిళ్లలోనూ అంతంత మాత్రం జీతాలే అనుకోండి. సెప్టెంబరు 30న పుట్టినవాడికి చెవిపోటు వస్తే బిల్లు అమ్మానాన్నల నెత్తిన పడుతుంది. మర్నాడు పుట్టినవాడికి డాక్టరు ఫీజు, మందులు, పళ్ల వైద్యం, ఆఖరికి కళ్లజోడు కూడా బీమాలోనే. మరీ నిరుపేదలకు అప్పటికే బీమా ఉంది కాబట్టి, ఈ తేదీ గీత వల్ల తేడా పడింది వాళ్లకు కాస్త పైనున్న ఇళ్లకు. 1997లో చిప్ అనే మరో పిల్లల బీమా పథకం వచ్చి తేడాను చాలావరకు చెరిపేసేలోగా, గీతకు ఇవతల, అంటే ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకు గరిష్ఠంగా ఐదేళ్ల బీమా అదనంగా దక్కింది.

నన్ను పట్టేసింది ఈ గీతే. బీమా ఉన్న పిల్లల్నీ లేని పిల్లల్నీ ఊరికే పోలిస్తే ఏమీ తేలదు. జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రులే ముందుగా పరిగెత్తి పేరు రాయిస్తారు, దాంతో బీమా ఉన్నవాళ్లే ఎక్కువ రోగిష్ఠుల్లా కనిపిస్తారు. గొడుగు వేసుకున్నవాళ్లే తడుస్తున్నారు కాబట్టి తడవడానికి గొడుగే కారణం అన్నట్టు! కానీ 1990లో రాబోయే చట్టాన్ని 1983లోనే ఊహించి, ముహూర్తం చూసుకుని బిడ్డను కన్నవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక లెక్క. పుట్టిన నెల అడ్డంగా, మరణాలో ఆస్పత్రి చేరికలో నిలువుగా పెట్టి, తేదీకి రెండు పక్కలా వేర్వేరు రేఖలు గీస్తారు. రెండూ అతుక్కుంటే బీమా వల్ల ఒరిగిందేమీ లేదు. మధ్యలో మెట్టులా తెగితే, ఆ మెట్టు ఎత్తే బీమా ప్రభావం. దీన్ని రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ అంటారు. ఒక చిక్కుంది. కొన్ని రాష్ట్రాల్లో బడిలో చేర్చుకునే వయసు కటాఫ్ కూడా ఆ రోజుల్లోనే పడుతుంది. మెట్టు దానివల్ల వచ్చిందైతే 1982లోనూ 1984లోనూ అదే చోట కనిపించాలి. జాతకాలు చెప్పేవాళ్లు ఎన్నడూ చేయనిది ఈ రెండో పరీక్షే.

ఆర్థికవేత్తలు బ్రూస్ మేయర్, లారా వెరీ ఈ పద్ధతిలో చూస్తే, ఇవతల పుట్టిన నల్లజాతి పిల్లల్లో 15-18 ఏళ్ల మధ్య జబ్బులతో సంభవించే మరణాలు 13 నుంచి 20 శాతం తక్కువని తేలింది. తెల్లవాళ్లలో ఆ మెరుగుదల కనిపించలేదు. గీత వల్ల లాభపడ్డ ఆదాయాల్లో నల్లజాతి కుటుంబాల వాటా ఎక్కువ కావడం అందుకు ఒక కారణం. వయసు గమనించారా? అప్పటికి రెండు వైపుల వాళ్లకూ చాలావరకు బీమా వచ్చేసింది. చిన్నప్పుడు అందిన వైద్యం ఆలస్యంగా ఫలించిందన్నమాట. 25 ఏళ్లప్పుడు కూడా నల్లజాతి యువతలో ఆస్పత్రి చేరికలు తగ్గాయి, ముఖ్యంగా దీర్ఘకాలిక జబ్బులవి. ఆ ఒక్క ఏడాదిలో ఆదా అయిన డబ్బే బీమాకు మొదట పెట్టిన ఖర్చులో 3 నుంచి 5 శాతం.

పన్నుల శాఖ రికార్డులతో వేరే బృందం చేసిన లెక్క ఇంకా దూరం వెళ్లింది. బాల్యంలో మెడికెయిడ్ విస్తరణ వల్ల కాలేజీలో చేరినవాళ్లు పెరిగారు, చిన్న వయసులో పిల్లల్ని కనడం తగ్గింది, కట్టే పన్ను పెరిగింది. ప్రభుత్వం పెట్టిన ప్రతి డాలరులో 58 సెంట్లు వాళ్లకు 28 ఏళ్లు వచ్చేసరికే ఖజానాకు తిరిగొచ్చాయి. తల్లి కడుపులో ఉండగానే మెడికెయిడ్ అందిన ఆడపిల్లలు పెద్దయ్యాక కన్న బిడ్డలు మెరుగైన బరువుతో పుట్టారని మరో పరిశోధన చెబుతోంది. ఆ బిడ్డలు ఈ 58 సెంట్ల లెక్కలో లేరు.