పిల్లలు పుట్టరు కాబట్టి తప్పా? స్వలింగ ప్రేమ మీద అపోహలు - వాస్తవాలు

నేను సంతాన సాఫల్య చికిత్స చేసే డాక్టర్‌ని. నా గదిలోకి వచ్చేవాళ్లందరి దిగులూ పిల్లల గురించే. అందుకేనేమో, స్వలింగ ప్రేమ గురించి మాట వస్తే బంధువులూ పేషెంట్లూ నన్నే అడుగుతారు: "మీరే చెప్పండి మేడమ్, పిల్లలు పుట్టని సంబంధం తప్పే కదా?" కాదనే చెబుతాను. ఎందుకో రాస్తున్నాను.

అపోహ: కలయిక ఉన్నది సంతానం కోసమే. అది లేనిది అనైతికం.

వాస్తవం: మన ఇళ్లనే చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. చాలామందికి ముప్పై నిండకముందే అయిపోతుంది. ఆ తర్వాత దశాబ్దాల కాపురం ఉంటుంది, గర్భం వచ్చే అవకాశం మాత్రం దాదాపు ఉండదు. ఆ కాపురాన్ని తప్పని ఎవరన్నారు? గర్భసంచి తీసేసిన భార్యతో భర్త అన్యోన్యంగా ఉంటే మెచ్చుకుంటాం. షష్టిపూర్తి రోజున ఆ దంపతులకు మళ్లీ పెళ్లి చేసి అక్షింతలు వేస్తాం. పిల్లలు పుట్టకపోవడం హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణం కూడా కాదు.

ఈ వాదనను చివరిదాకా పాటించేవాళ్లు లేకపోలేదు. కాథలిక్ చర్చి బోధ కృత్రిమ గర్భనిరోధకాలనూ ఒప్పుకోదు, నేను చేసే ఐవీఎఫ్‌నూ ఒప్పుకోదు. నేను ఏకీభవించను గానీ ఆ నిలకడను గౌరవిస్తాను. ఆపరేషన్ గురించి పల్లెత్తు మాట అననివాళ్లు స్వలింగ జంటల దగ్గరికి వచ్చేసరికే సంతానం మాట ఎత్తడం మాత్రం న్యాయం కాదు.

పైగా ఈ కొలత వాళ్లతోనే ఆగదు. ఏళ్ల తరబడి చికిత్స తీసుకుంటున్న ఒకామె, సొంత ఆడపడుచు సీమంతంలో గాజులు తొడిగే వరుస వచ్చేసరికి తనను పక్కకు తప్పించారని నా ముందు ఏడ్చింది. 'గొడ్రాలు' అన్న మాట పుట్టిందీ ఈ కొలతలోంచే.

అపోహ: పిల్లల్ని కనకపోతే పున్నామ నరకమే.

వాస్తవం: ఆ మాట చెప్పే సంప్రదాయమే పెళ్లి చేసుకోని ఆదిశంకరులకు చేతులు జోడిస్తుంది. బిడ్డల్ని కనకుండా బతకడం దానికదే పాపమని మనం నిజంగా ఎప్పుడూ నమ్మలేదు.

అపోహ: అందరూ అలా అయితే మనుషులే మిగలరు.

వాస్తవం: అందరూ అలా అవరు. అదే సర్వేలో సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే సుమారు 2.1 కావాలి. ఈ తగ్గుదల ఇద్దరు చాలు, ఒక్కరు చాలు అనుకున్న ఆలుమగల ఇళ్లలోనే వచ్చింది.

అపోహ: 'ప్రకృతి విరుద్ధం' అని చట్టమే అంటోంది.

వాస్తవం: ఆ మాట 1860లో బ్రిటిష్ వాళ్లు రాసిన, 2024లో రద్దయిన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లోది. గర్భధారణకు వీలుండటమే కలయిక సహజ లక్ష్యమని 1925లో సింధ్ కోర్టు దానికి అర్థం చెప్పింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా ఏకాంతంలో కలవడం నేరం కాదని తేల్చింది.

అపోహ: వాళ్ల శరీరంలో లోపం ఉంటుంది, పిల్లలు పుట్టరు.

వాస్తవం: ఎవరిని ప్రేమిస్తారన్నదానికీ వీర్యకణాల సంఖ్యకూ, అండాల నాణ్యతకూ సంబంధం లేదు. నిజానికి వాళ్లలోనూ బిడ్డ కావాలని తపించేవాళ్లున్నారు. సంతాన సాఫల్య చికిత్స, సరోగసీ (అద్దె గర్భం) మీద వచ్చిన 2021 చట్టాల ప్రకారం ఒంటరి స్త్రీ దాత వీర్యంతో చికిత్స తీసుకోవచ్చు, స్వలింగ జంటకు మాత్రం జంటగా ఐవీఎఫ్ గానీ సరోగసీ గానీ లేదు.

అపోహ: పెళ్లి చేసి, ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి ఒకటి చెబుతాను. పెళ్లయి రెండేళ్లయిన జంట. అమ్మాయికి మూడు చోట్ల స్కాన్లు, ట్యూబ్ టెస్టులు అయ్యాయి, అన్నీ నార్మల్. అబ్బాయి తల ఎత్తడు. విడిగా అడిగితే, అసలు కాపురమే జరగలేదని, తనకు మగవాళ్ల మీదే ఇష్టమని, పెళ్లికి ముందే అమ్మకు చెప్పానని అన్నాడు. ఆ తల్లి నన్ను అడిగింది: "ఎలాగోలా ఇంజెక్షన్ ద్వారానైనా ఒక నలుసు పడేటట్టు చూడండమ్మా, వాడే దారికొస్తాడు."

ఆమె చెడ్డ మనిషి కాదు, ఊళ్లో నలుగురూ ఏమంటారోనని టెన్షన్. అయినా కుదరదన్నాను. భార్యకు నిజం తెలియకుండా చికిత్స మొదలుపెట్టనని, ఆ నిజం అతనే చెప్పాలని అన్నాను. చెప్పడానికి అతనికి మూడు నెలలు పట్టింది. ఆ అమ్మాయి నాతో అన్న మాట: "ఇన్నాళ్లూ నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను మేడమ్."

ఒకవేళ బిడ్డ పుట్టి ఉంటే అతని మనసు మారేది కాదు. అబద్ధంలో చిక్కుకున్నవాళ్లు ఇద్దరికి బదులు ముగ్గురయ్యేవారు.

మీ ఇంట్లో ఇలాంటి అబ్బాయో అమ్మాయో ఉంటే సంబంధాలు చూడటం ఆపండి. మందులతోనో కౌన్సెలింగ్‌తోనో 'మార్చేస్తాం' అనేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. అలా మార్చబోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. ఏ డాక్టరైనా ఆ పని చేస్తే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. రాసిచ్చిన చీటీలు, రసీదులు దాచిపెట్టుకోండి.