చింతపండు పులుపు చేసే పని

పులుపున్న పండులో విటమిన్ సి దండిగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఉసిరికాయ విషయంలో అది నిజమే గానీ, చింతపండు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. 100 గ్రాముల గుజ్జులో విటమిన్ సి సుమారు 3.5 మిల్లీగ్రాములే ఉంటుంది. చింత పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లం. గుజ్జు బరువులో ఇది 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. ద్రాక్షను పక్కన పెడితే, మనం తరచుగా తినే పండ్లలో ఈ ఆమ్లాన్ని ఇంతగా నింపుకున్నది మరొకటి లేదు. చాలా పండ్లు పండేకొద్దీ ఆమ్లం తగ్గి తీపెక్కుతాయి. చింతకాయ పండినప్పుడు చక్కెరలు పెరుగుతాయి గానీ టార్టారిక్ ఆమ్లం పెద్దగా తరగదు. గుజ్జులో మూడో వంతుకు పైగా చక్కెరలే ఉన్నా నాలుకకు ముందు పులుపే తగలడానికి కారణం ఇదే.

శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా అయినా ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. కంది, చిక్కుడు, పెసర ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే, అయితే తన ప్రజాతిలో మరో జాతి లేకుండా ఇది ఒక్కటే మిగిలింది. మన నేలకు చాలా పూర్వమే వచ్చి, పులుసు, చారు, పులిహోర, తొక్కు అన్నీ తానే అయి కూర్చుంది.

టార్టారిక్ ఆమ్లం ఆవిరి కాదు, మరిగితే చెడదు. అందుకే పులుసును ఎంతసేపు మరగనిచ్చినా పులుపు ఎక్కడికీ పోదు, పైగా నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. నిమ్మరసాన్ని మాత్రం దించాక పిండుకోవాలి, లేకపోతే దాని వాసన ఎగిరిపోయి చేదు తేలుతుంది. చేపల పులుసులో చింతపండు చేసే పని ఇంకా ఆసక్తికరమైనది. చేప నీచువాసనకు ముఖ్య కారణమైన ట్రైమిథైలమీన్ క్షార స్వభావం గలది, తేలికగా గాలిలో కలిసిపోతుంది. ఆమ్లం తగలగానే అది లవణంగా మారి పులుసులోనే ఉండిపోతుంది కాబట్టి ముక్కుదాకా రాదు. పప్పు మెత్తబడ్డాకే చింతపండు రసం పోయాలని పెద్దవాళ్లు చెప్పే మాటలోనూ రసాయనశాస్త్రం ఉంది. గింజల్లో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో త్వరగా కరగదు, అందువల్ల ముందే పులుపు పడితే పప్పు ఎంత ఉడికినా పలుకుగానే ఉంటుంది. ఇక పులిహోర ప్రయాణాలకు తోడు రావడానికి కూడా పులుపే కారణం. అన్నం ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మామూలు అన్నంలో మళ్లీ మొలకెత్తుతాయి. ఆమ్లత్వం పెరిగిన అన్నంలో వాటికి ఎదగడం కష్టం. ఇంతటి ఆమ్లం లోహాలనూ వదలదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదన్న నియమం, రాచ్చిప్పలో చారు పెట్టే అలవాటు అందుకే పుట్టి ఉంటాయి. పూజ సామాను తళతళలాడటానికీ ఆ గుణమే ఉపయోగపడుతోంది.

ఆరోగ్యం సంగతికి వస్తే, ముందుగా పరిమాణం చూడాలి. 100 గ్రాముల చింతపండులో 628 మిల్లీగ్రాముల పొటాషియం, 92 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 5 గ్రాముల పీచు ఉన్నాయని పట్టికలు చెబుతాయి, ప్రచారమంతా ఈ అంకెల మీదే సాగుతుంది. కానీ నిమ్మకాయంత చింతపండును నలుగురికి సరిపడే పులుసులో వేస్తే మనిషి వాటాకు వచ్చేది ఏడెనిమిది గ్రాములు, దానిలోనూ పీచు చాలావరకు పిప్పితోనే పోతుంది. అంత కొద్ది గుజ్జుతో అందే మెగ్నీషియం రోజు అవసరంలో రెండు మూడు శాతం కూడా కాదు. పోషకాల కోసం చింతపండు తినమని చెప్పడం నాకు అతిశయోక్తిగానే తోస్తుంది.

అయితే ఆ కొద్దిపాటి చింతపండే పనిచేసిన సందర్భం ఒకటుంది, అదీ మన నేలకు బాగా సంబంధించినది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే గుర్తించారు. తర్వాత నల్గొండ పేరు ఆ వ్యాధికి పర్యాయంగా మారింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే పళ్ల మీద గారలు, ఆపైన ఎముకల వంకరలు వస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, సాంఘిక సంక్షేమ వసతిగృహంలోని బాలురకు 18 రోజుల పాటు మధ్యాహ్న భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి, 24 గంటల మూత్రాన్ని పరీక్షించారు. రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాములుగా ఉన్న ఫ్లోరైడు విసర్జన 4.8కి పెరిగింది. అదే సమయంలో మూత్రంలో పోయే జింకు, మెగ్నీషియం తగ్గాయి, కాల్షియంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పది గ్రాములంటే ఉసిరికాయంత ఉండ; ఇంట్లో పులుపు కాస్త ఎక్కువ తినేవాళ్లకు అది అసాధ్యమైన మోతాదు కాదు. అయినా ఈ ఫలితాన్ని ఉన్నంతలోనే చదువుకోవాలి. ఒంట్లోంచి బయటికి పోయే ఫ్లోరైడు పెరిగిందని అది చెబుతోంది, వంగిన ఎముక తిన్నగా అవుతుందని చెప్పడం లేదు. సురక్షితమైన నీటికి పులుసు ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇనుము విషయంలో ఫలితం మరోలా వచ్చింది. ఆమ్లాలు ధాన్యాల్లోని ఇనుమును పేగులకు అందుబాటులోకి తెస్తాయన్నది సాధారణ సూత్రం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 2005లో ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు, నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) అలాగే పనిచేశాయి. చింతపండు మాత్రం చాలా సందర్భాల్లో ఇనుము లభ్యతను తగ్గించింది. దానిలోని వగరు పదార్థాలైన టానిన్లే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. రక్తహీనత ఉన్నవారు పప్పులో నిమ్మకాయ పిండుకోవడం మేలని దీన్నిబట్టి అనుకోవచ్చు.

విరేచనం సాఫీగా కావడానికి చింతపండు వాడే అలవాటుకు ఆధారం ఉంది. టార్టారిక్ ఆమ్లం, దాని పొటాషియం లవణం పేగుల్లో నీటిని పట్టి ఉంచుతాయి. మందులు వేసుకునేవారికి ఒక జాగ్రత్త. ఆరోగ్యవంతుల మీద జరిపిన చిన్న పరీక్షల్లో, చింతపండు కలిపిన భోజనంతో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తంలోకి ఎక్కువగా చేరాయి. ఈ మాత్రలు రోజూ వాడేవారు చింతపండు రసాన్ని విడిగా, చిక్కగా తాగే ముందు వైద్యుణ్ని అడగడం మంచిది. పచ్చి చింతకాయలు ఉప్పు కారం అద్దుకుని తరచూ కొరికితే పంటి పింగాణీ అరుగుతుంది.

గుజ్జు తీశాక చింతపిక్కలు మిగులుతాయి. పరిశ్రమలకు అసలు విలువ ఉన్నది వీటిలోనే. వేయించి, ఎర్రని పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే చిక్కని గంజి వస్తుంది. తెలంగాణలో కురుమలు గొంగడి నేసే ఉన్ని దారానికి ఈ గంజే పట్టిస్తారు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డను బొమ్మకు సిద్ధం చేయడానికి, కొండపల్లి కళాకారులు రంపపు పొట్టుతో కలిపి బొమ్మల అతుకులకు ‘మక్కు’ చేయడానికి దీన్నే వాడతారు. గంజికి ఈ పట్టు ఇచ్చేది జైలోగ్లూకాన్ అనే పిండిపదార్థం. దాని వెన్నెముక పత్తిలోని సెల్యులోజ్ లాంటిదే కావడంతో నూలు బట్టను అది గట్టిగా అంటుకుంటుంది. కొమ్మలు కొమ్మలుగా ఉండే దీని అణువు కన్నీటి పొరలోని జిగురు పదార్థాన్ని పోలి ఉన్నందువల్ల, బాగా శుద్ధి చేసిన చింతగింజ జైలోగ్లూకాన్‌ను కళ్లు పొడిబారే వారికి ఇచ్చే చుక్కల మందులోనూ కలుపుతున్నారు. కంటిరెప్ప ఆడినా చెదిరిపోకుండా నిలిచి, అది తేమను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది.