మొల్ల అని పేరు పెట్టవచ్చా?

పిల్లలూ, మీ ముగ్గురికీ ఆశీస్సులు.

చిన్నది తెలుగు పుస్తకంలో కవయిత్రి మొల్ల పాఠం చదివి ఫోన్లో అడిగింది: "అమ్మమ్మా, మొల్ల అనే పేరు ఇప్పుడు ఎవరికైనా ఉందా? మా స్కూల్లో ఒక్కరికీ లేదు." అవతల మీ పిన్నికి నెలలు నిండుతున్నాయి. మీరందరూ పేర్లు వెతికి లిస్టులు పంపిస్తున్నారు. ఆ లిస్టుల్లో కూడా మొల్ల లేదు. ఫోన్లో రెండు మాటల్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పువ్వు సంగతి. మొల్ల మల్లెజాతి తీగ. వృక్షశాస్త్రం పుస్తకాల్లో దాన్ని జాస్మినమ్ మల్టీఫ్లోరమ్ అంటారు. ఆకుల మీద, మొగ్గల అడుగున సన్నటి నూగు ఉంటుంది. పువ్వు తెల్లగా, కోసు రేకులతో చుక్కలా విచ్చుకుంటుంది. మల్లెపువ్వు ఇల్లంతా గుబాళిస్తుంది, మొల్లకు అంత వాసన లేదు. మల్లె ఎండాకాలం పువ్వు, మొల్ల చలికాలం పువ్వు. సంస్కృతంలో దీన్ని కుందం అంటారు. అమరకోశం దీనికే మాఘ్యం అని ఇంకో పేరు చెప్పింది, అంటే మాఘమాసంలో పూసేది అని.

మొల్లను ఎప్పుడూ చూడలేదని అనుకుంటున్నారేమో గానీ, ఆ పువ్వు పేరు మీరు మాటలు వచ్చినప్పటి నుంచీ పలుకుతున్నారు. "యా కుందేందు తుషార హార ధవళా" అని సరస్వతీదేవిని తలుచుకుంటారు కదా. అమ్మవారి తెల్లదనాన్ని చెప్పడానికి ఆ శ్లోకం చంద్రుడి కంటే, మంచు కంటే ముందు కుందాన్నే ఎత్తుకుంది. అంటే మొల్లపువ్వునే. మన పాత కవులు కూడా అందమైన పలువరుసను వర్ణించాలంటే మొల్లమొగ్గల దగ్గరికే వెళ్ళేవారు.

ఈ మాట మన ఒక్కరిదే కాదు. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. ఒక్కో చోట ఒక్కో రకం మల్లెతీగను ఆ పేరుతో పిలుస్తారు. తమిళులు ముల్లై అనే తీగకు మనం అడవిమొల్ల అని పేరు పెట్టుకున్నాం. సంగం కాలపు తమిళ కవులు నేలను ఐదు రకాలుగా చెబుతూ, అడవులూ పచ్చిక బయళ్ళూ ఉన్న నేలకు ముల్లై అని పేరు పెట్టారు. పారి అనే రాజు కథ మీలో పెద్దవాడికి బాగా నచ్చుతుంది. పరంబు కొండ దొర ఆయన. దారిలో ఒక ముల్లై తీగ పాకడానికి ఆధారం లేక గాలికి అల్లాడుతుంటే చూసి, తాను ఎక్కివచ్చిన రథాన్ని దానికి పందిరిగా వదిలేసి నడిచి వెళ్ళిపోయాడట. తమిళనాడులో ఇప్పటికీ ఆడపిల్లలకు ముల్లై అని పేరు పెట్టుకుంటున్నారు. మహారాష్ట్రలో కుంద అనే ఆడవాళ్ళు ఉన్నారు. చుట్టూ ఇలా ఉంటే, మొల్ల పేరుతో ఒక మహాకవయిత్రి పుట్టిన తెలుగునాట మాత్రం ఆ పేరు పెట్టుకునేవాళ్ళు దాదాపు కనబడరు. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

ఇక ఆతుకూరి మొల్ల. ఆమె 15వ శతాబ్దం చివరో, 16వ శతాబ్దం మొదట్లోనో ఉన్న మనిషి అని పండితుల్లో చాలామంది అంటారు. ఊరు గోపవరం. కడప జిల్లా బద్వేలు దగ్గరి గోపవరమే అది అని ఎక్కువమంది మాట. నెల్లూరు వాళ్ళు మా ఆడపడుచే అంటారు. వాళ్ళ నాన్న కేసన శివభక్తుడు. శ్రీశైలం మల్లికార్జునుడికి ఇష్టమైన పువ్వని కూతురికి ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. ఆ కూతురు ఆరు కాండల రామాయణం రాసి, ఏ రాజుకూ అంకితం ఇవ్వకుండా రాముడికే ఇచ్చింది. పుస్తకం మొదట్లో తన గురించి తనే చెప్పుకున్న పద్యం ఇలా ముగుస్తుంది: "ఆతుకూరి కేసయ వరపుత్రిని, మొల్ల యనగ వరలినదానన్." ఫలానా వాళ్ళ కూతుర్ని, మొల్ల అనే పేరుతో ప్రసిద్ధి కెక్కినదాన్ని అని. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి తన పేరును పద్యంలో ఇంత నిబ్బరంగా నిలబెట్టుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ పద్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగేదాన్ని.

ఆమె పేరులో మ్మ లేదు, అక్క లేదు, దేవి లేదు. ఉన్నవి రెండే అక్షరాలు. తరవాతివాళ్ళకు అది చాలలేదు, గౌరవం కోసం మొల్లమాంబ అని కూడా రాశారు. ఆమె రాసుకున్నది మాత్రం మొల్ల అనే.

మన మిగతా పాత కవయిత్రుల పేర్లు చూడండి. అన్నమయ్య భార్య, సుభద్రా కళ్యాణం రాసిన తాళ్ళపాక తిమ్మక్క. తిమ్మప్ప అంటే వేంకటేశ్వరుడే, ఆయన పేరే ఆమెకు వచ్చింది. 18వ శతాబ్దంలో పుట్టిన తరిగొండ వెంగమాంబ పేరులో ఉన్నదీ ఆ వేంకటాచలమే. ఇవి దేవుడి పేర్లు. పిల్లలు దక్కకపోతే మొక్కుకున్నవాళ్ళు, ఇంటి ఇలవేల్పును తలుచుకునేవాళ్ళు తరతరాలుగా అవే పెట్టుకున్నారు. మల్లి విషయంలోనూ ఇంతే. మల్లమ్మ, మల్లన్న, మల్లేశం, మల్లికార్జున, ఇన్ని పేర్లు ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డాయంటే వాటి వెనక శ్రీశైలం ఉంది. జాతర ఉంది, మొక్కు ఉంది. హేమారెడ్డి మల్లమ్మ లాంటి భక్తురాలి కథ ఉంది. మొల్లకు గుడి లేదు, జాతర లేదు. ఆ పువ్వు పేరుతో పిలిచే దేవుడు లేడు. ఉన్నది ఒక పుస్తకం. పుస్తకాన్ని చూసి పిల్లలకు పేరు పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఈమధ్య వచ్చిందే.

ఇంకొకటి, మనం నాయనమ్మ పేరు మనవరాలికి పెడతాం. అందువల్ల ఒక పేరు ఇంట్లోకి వస్తే చాలాకాలం ఉంటుంది. రెండు తరాలు వదిలేశామంటే మళ్ళీ ఆ ఇంట్లోకి రాదు, గుర్తు చేసేవాళ్ళే ఉండరు.

కులం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆమెను కుమ్మరి మొల్ల అని జనం పిలుచుకున్నారు. నేను పైన రాసిన పద్యంలో నాన్న పేరు ఉంది, ఆయన భక్తి ఉంది, కులం మాట లేదు. కుమ్మరివాళ్ళు ఆమెను తమ ఇంటి ఆడబిడ్డగా గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ మిగతావాళ్ళు ఆమె పద్యాలను నోరారా చదివారు గానీ, ఆమె పేరును 'మనది కాదు' అని పక్కన పెట్టారేమో అని నా అనుమానం. ఇది పేరుకు జరిగిన అన్యాయమే అంటాను.

నేను ఏళ్ళ తరబడి బడిలో అటెండెన్స్ పిలిచినదాన్ని కదా, పేర్లు ఎలా మారాయో ఆ రిజిస్టర్లే చెబుతాయి. నాతో చదువుకున్నవాళ్ళు సుబ్బమ్మ, వెంకాయమ్మ, నాగరత్నమ్మ. నేను ఉద్యోగంలో చేరేసరికి విజయలక్ష్మి, నాగమణి, ఉషారాణి, కృష్ణకుమారి. ఆ తరవాత మీ అమ్మ వయసువాళ్ళు స్వాతి, సౌజన్య, మాధవి, శిరీష. నేను రిటైరయ్యే నాటికి వైష్ణవి, హారిక, సాహితి. ఇప్పుడు మీరు పంపే లిస్టుల్లో ఆద్య, సహస్ర, అన్వి.

ఇందులో శిరీషను చూడండి. ఒకప్పుడు ప్రతి క్లాసులో ఒకరైనా ఉండేవారు. శిరీషం అంటే మన ఊరి రోడ్డు పక్కన ఉండే దిరిసెన చెట్టు పువ్వే. కమల, సరోజ, నీరజ, కుముద, మాలతి అన్నీ పువ్వులే. ఆడపిల్లను పువ్వు పేరుతో పిలవడం మనకు ఇష్టమే. కాకపోతే ఆ పువ్వును సంస్కృతంలో పిలిస్తేనే అది పేరు అనిపించుకుంటుంది. తెలుగులో పిలిస్తే మొరటు అనుకున్నారు. తామర అని పెట్టకపోవడం నాకు అర్థమవుతుంది, చర్మవ్యాధికి కూడా అదే పేరు. జాజి, కలువ, మొల్ల ఏం పాపం చేశాయి? పలకడానికి తేలిక, రాయడానికి తేలిక, అర్థం అడిగితే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించవచ్చు. మొల్ల తన రామాయణం మొదట్లోనే అంది, తేనె తగలగానే నోరు తియ్యన అయినట్టు చదవగానే అర్థం తెలియాలి, గూఢమైన శబ్దాలు పేర్చిన కావ్యం మూగ చెవిటివాళ్ళ ముచ్చట అవుతుంది అని. నాకు ఆ మాట పేర్లకూ వర్తిస్తుందనిపిస్తుంది. లిస్టులో సగం పేర్లకు అర్థమేమిటని మిమ్మల్ని అడిగితే మళ్ళీ ఫోనే చూస్తున్నారు.

మొల్లను మనం మరిచిపోలేదు, ఆ మాట నేను అనను. 1970లో 'కథానాయిక మొల్ల' సినిమా వచ్చింది. పద్మనాభం తీశారు, వాణిశ్రీ మొల్లగా వేశారు. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు పెట్టినప్పుడు వాటిలో మొల్లకూ చోటు ఇచ్చారు. 2017లో ఆమె పేరున తపాలా బిళ్ళ వచ్చింది. పాఠాలు సరేసరి. సినిమా చూసి వచ్చినవాళ్ళలో కూతురికి వాణిశ్రీ అని పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. మొల్ల అని పెట్టినవాళ్ళు ఒక్కరూ తెలియదు. విగ్రహం పెట్టి దండ వేయడానికి అందరూ ముందుకు వస్తారు. అదే పేరుతో ఇంట్లో బిడ్డను పిలుచుకోవడానికి మాత్రం ఎందుకో జంకుతారు.

అయితే రోజులు కొంచెం మారుతున్నాయి. వెన్నెల అనే పేరు మా చిన్నప్పుడు ఎవరైనా పెడతారంటే నవ్వేవారు. ఇప్పుడు ఎంతమంది వెన్నెలలు ఉన్నారో మీకే తెలుసు. సిరి కూడా అంతే. అచ్చ తెలుగు మాట పేరుగా రావడానికి దారి తెరుచుకుంది. పైగా అందరూ చిన్న పేరు కావాలంటున్నారు, ఇంకెవరికీ లేని పేరు కావాలంటున్నారు. ఈ రెండు కోరికలూ తీర్చే పేరు మన పాఠ్యపుస్తకంలోనే ఉంది.

మీ అమ్మ ఒక అభ్యంతరం చెప్పింది, "మొల అని ఏడిపిస్తారేమో" అని. పిల్లలు ఏ పేరునైనా ఏడిపిస్తారు. శిరీషను 'సిరా' అని, స్వాతిని 'సోది' అని పిలవడం నేను క్లాసులో విన్నాను. పాఠంలో తన పేరు ఉన్న పిల్లను ఎన్నాళ్ళు ఏడిపిస్తారు? అమెరికాలో ఉన్న మీ బాబాయి వేరేది అడిగాడు, అక్కడ మాలీ అనుకుంటారు కదా అని. అనుకోనివ్వండి. మాలీ అనేది మేరీకి ముద్దుపేరు, మన మొల్లకూ దానికీ సంబంధం లేదు. కానీ నోటికి దగ్గరగా ఉంది కాబట్టి అక్కడి టీచరు మన పిల్ల పేరు పలకడానికి తడుముకోదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ఎమ్ తరవాత ఓ రాయమనండి. యూ రాస్తే ముల్లా అయిపోతుంది, అది వేరే మాట.

పేరు తేల్చుకోవడానికి తొందరేమీ లేదు. పేరు లేకుండా కూడా పుట్టుక రిజిస్టర్ చేయించవచ్చు, పన్నెండు నెలల లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. మన పద్ధతి ప్రకారం ఇరవై ఒకటో రోజు బారసాల నాటికి బియ్యంలో రాయడానికి ఒక పేరు కావాలి, అంతే. నక్షత్రం చూసి వేరే అక్షరం రావాలని పంతులుగారు అంటే ఆ అక్షరంతో ఒక జన్మనామం చెవిలో చెప్పి, పిలిచే పేరుగా మొల్ల పెట్టుకోవచ్చు. రెండు పేర్లు ఉండటం మనకు కొత్త కాదు.

పెట్టి తీరాలని నేను అనను. బిడ్డ వాళ్ళది, పేరు పెట్టే హక్కు వాళ్ళది. మీ పిన్నికీ బాబాయికీ ఈ ఉత్తరం చదివి వినిపించండి, లిస్టులో ఈ పేరు చివరనైనా రాయండి. పెద్దవాడు ఆ రామాయణంలో 'కందువ మాటలు' పద్యం కంఠతా పట్టి, బారసాలకు వచ్చినప్పుడు నాకు అప్పగించాలి. మగపిల్లాడు పుడితే మాత్రం పేరు సంగతి తాను చూసుకుంటానని తాతయ్య అంటున్నారు. ఆయన దగ్గర వేరే లిస్టు ఉంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ